కొసరు కింద పోయిన పెట్టె

ఈ వ్యాపారంలోకి దిగేనాటికి అతని పెట్టుబడి రెండే: పాతబట్టల మూటలు ఏరి ఏరి ఆరితేరిన కన్ను, బావ ఇచ్చిన కంప్యూటరు. సరుకు మారింది గాని పని అదే. దొంగిలించిన పాస్‌వర్డులు మూటలుగా వస్తాయి. బ్యాంకువి ఒక పక్క, మెయిళ్లు ఒక పక్క, దుకాణాలవి ఇంకో పక్క. తెరుచుకుంటే మేలురకం, లేకపోతే దానిమీద "పాడు" అని గుర్తు. ఏరడం అతని వంతు, అమ్మకం బావ వంతు.

అలా తెరిచిన ఒక మెయిలు పెట్టె యజమాని పోయి ఏడాది దాటింది. భార్య మాత్రం దానికి రోజూ రాస్తోంది.

"ఏమండీ, వంటింటి కుళాయి మార్పించాను. వచ్చినవాడు అచ్చం మీలాగే సణిగాడు. కాకపోతే పని కూడా చేశాడు."

అడిగే దిక్కులేని పెట్టెకు మంచి ధర పలుకుతుంది. అయినా అమ్మడానికి అతనికి చెయ్యి రాలేదు. పొద్దున్నే టీ తాగుతూ ఆవిడ కొత్త ఉత్తరం చదవడం అలవాటైపోయింది. బావ కన్ను పడకుండా దానిమీద కూడా "పాడు" అని పెట్టాడు.

ఒక పొద్దున పెట్టె తెరుచుకోలేదు. ఎవరో పాస్‌వర్డు మార్చేశారు.

"బావా, పాడైన సరుకు ఏం చేశావు?"

"కొత్త బేరగాడొస్తే కొసరేశాను. అందులో ఒకటి బాగానే ఉందట బామ్మర్దీ. దాన్ని పట్టుకుని, దానికి ముడిపెట్టి ఉన్న ఎవరో పెద్దావిడ బ్యాంకు ఖాతా ఊడ్చేశాడట. ఇకమీదట మన దగ్గరే కొంటానన్నాడు. నీకు చత్వారమొచ్చినా మనకి లాభమేరా."

"ఎంత ఊడ్చాడు?"

"అది వాడి లెక్క. మనకెందుకు?"

ఆవిడ మెయిలు అడ్రసు అతనికి నోటికొచ్చు. పేరు చెప్పకుండా రాశాడు: ఆ పెట్టెకు ఇక రాయకండి, దొంగల చేతిలో పడింది, వెంటనే బ్యాంకుకు వెళ్లండి.

మర్నాడు జవాబొచ్చింది.

"వెళ్లొచ్చాను బాబూ. ఏమీ మిగల్లేదన్నారు. మావారి కంప్యూటర్లో ఆ పెట్టె తెరిచే ఉంచేదాన్ని. నేను రాసినవి ఎవరో చదివినట్టు రోజూ గుర్తు పడేది. మా అమ్మాయి చూసి, పాస్‌వర్డు మార్చెయ్యమని పోరింది. ఆయన లేరని నాకు తెలుసు. కానీ మారిస్తే ఆ చదివేవాళ్లు కూడా పోతారని మార్చలేదు. అది మీరేనా?"



సాయంత్రం బావ ఆ మూట తాలూకు వాటా లెక్క కట్టి చేతిలో పెట్టాడు. బ్యాంకువాటికి ఇంత, దుకాణాలవాటికి ఇంత. ఆ పెట్టెకు మాత్రం ఏమీ రాలేదు. కొసరుకు ధర కట్టరు.