బుడుబుంగకు లెక్క రాదు

ఆ ఇంటి పెరడు ఏడు మెట్లు దిగి సరస్సులో కాళ్ళు పెట్టేది. మెట్ల పక్కన ఒకప్పుడు బట్టలు ఉతుక్కునే రేకుల గది. ఆ పని ఇంట్లోకి మారాక అందులో ఒక స్టూలు, దాని ముందు వేలాడే గోనెపట్టా, పట్టాకు అరచేయంత కన్నం, కన్నం వెనక ఒక కెమెరా అమరాయి. కెమెరా వీధి చివర స్టూడియో ఎత్తేసిన ఫొటోగ్రాఫరు పోతూ పోతూ ఇచ్చింది. దాని వెనక కూర్చునేది బైండరమ్మ.

లైబ్రరీ పుస్తకాలు నలభై ఏళ్ళు కుట్టిన మనిషి. బడి ముఖం చూసింది లేదు. అచ్చు కాగితాల ఫారాలు వరసలో పెట్టడానికి అంకెలు నేర్చుకుంది, అంకెల వెంబడే అక్షరాలు వచ్చాయి, అక్షరాలు వచ్చాక కళ్ళు ఊరుకోలేదు. కాకపోతే ఆమె చదివినవన్నీ చిరిగి వచ్చిన పుస్తకాలు. చాలా కథలకు చివర ఏమైందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో అలవాటుంది. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా గేటు దాకా వచ్చి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తుంది. పాలవాడైనా అంతే, కరెంటు మీటరు చూసే మనిషైనా అంతే. ఆడబిడ్డ ఆమెకు ‘గేటు వదిన’ అని పేరు పెట్టింది కానీ ఎందుకలా అని ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన పని లేదు. పదిహేనేళ్ళ కిందట ఒక ఉదయం బైండరమ్మ సూది పెదవుల మధ్య పట్టుకుని దారానికి మైనం రాస్తుండగా భర్త “వెళ్ళొస్తా” అన్నాడు. ఆమె తల ఎత్తకుండానే “ఊఁ” అంది. ఆయన ఎక్కిన లాంచీ అవతలి ఒడ్డు చేరలేదు.

ఫొటోలను ఆమె తనే ఆల్బంగా కుట్టుకుంది. చేప తల కొరుకుతున్న నీటికుక్క, ఆఖరి మెట్టు మీద నీళ్ళు తాగుతున్న ముంగిస, ఒకే కొమ్మ మీద మూడు కాలాలు గడిపిన లకుముకి పిట్ట. ఈ సంవత్సరం పేజీలన్నీ బుడుబుంగవే. కోడిపిల్లంత గోధుమరంగు నీటిపిట్ట. చూస్తుండగానే బుడుంగున మునిగి, మనం అనుకోని చోట తేలుతుంది. మెట్లకు పది గజాల దూరంలో, గుర్రపుడెక్క మధ్య, కుళ్ళిన ఆకులతో గూడు కట్టుకుంది.

సోమవారం సరస్సు బాగుచేసే ఇంజనీరు వచ్చాడు. గురువారం పదింటికి గుర్రపుడెక్క తీసే యంత్రం వస్తుందన్నాడు. బైండరమ్మ పరుగున ఆల్బం తెచ్చి ముందు పెట్టింది.

“ఇందులో గూడేదమ్మా? చెత్తకుప్ప కదా!”

“చెత్త కింద గుడ్లున్నాయి బాబూ. మనిషి అలికిడైతే చాలు, తల్లి ఆకులు కప్పేసి మాయమైపోతుంది.”

“మీరు చూశారా?”

“పెట్టిన రోజు చూశాను. ఫొటోకే దొరకలేదు.”

ఆయన కసురుకోలేదు. గుడ్లున్న గూటిని ముట్టుకోకూడదని మాకూ రూలుంది, గుడ్డు కనిపించే ఫొటో ఒక్కటి చూపించండి, అంతవరకూ వదిలేసి మిగతాది తీస్తాం అన్నాడు. చెప్పి బయల్దేరాడు. బైండరమ్మ ఆయన్నీ మలుపు దాకా చూసింది.

మంగళవారం ఆమె గదిలో రెండు గంటలు కూర్చుంది. ఆమె లోపలికి వెళ్ళడం పిట్ట చూసింది. ఆమె బయటికి వచ్చేదాకా అది జమ్ము చాటునుంచి కదల్లేదు. గుడ్లు చల్లబడతాయేమోనని భయపడి ఆమే లేచి వచ్చేసింది.

అప్పటికి పది రోజులుగా ఇంట్లో ఉంటున్న ఆడబిడ్డ గురువారం ఎనిమిదింటి బస్సుకు వెళ్ళాలి. అంట్లు తోముతూ వదిన గోడు విని, “నీ చిరిగిన పుస్తకాల్లో దీనికి మందు లేదా?” అంది.

ఉంది. పక్షుల పుస్తకం ఒకటి సగమే మిగిలి కుట్టుకు వచ్చింది. పక్షులకు లెక్క రాదని, ఇద్దరు మరుగులోకి వెళ్ళి ఒకరు బయటికి వస్తే మరుగు ఖాళీ అయిందనుకుంటాయని అందులో ఉంది. ఆ తర్వాతి పేజీ లేదు.

“అయితే నేను వెళ్ళిపోయే ఒకరిని. ఉద్యోగం సులువుగానే ఉంది,” అంది ఆడబిడ్డ.

బుధవారం పొద్దున్న ఇద్దరూ గదిలోకి వెళ్ళారు. కాసేపయ్యాక ఆడబిడ్డ బయటికి వచ్చి, కావాలని చెప్పులు టపటపలాడిస్తూ మెట్లెక్కింది. పిట్ట తేలింది. గూటి అంచుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే బైండరమ్మ చేయి దానంతట అదే గోనెపట్టా ఎత్తింది, తల బయటికి వచ్చింది, కళ్ళు ఆడబిడ్డ వీపును వెతుక్కున్నాయి.

బుడుంగ్.

“వంటింటి గుమ్మం దాకా వెళ్ళినా సాగనంపాలా వదినా?” అని పైనుంచి కేక.

“చూడలేదు, మెడ తిరిగింది.”

“మెడ ఊరికే తిరుగుతుందా?”

రెండోసారీ మెడ తిరిగింది. ఆపైన ఎండ నీళ్ళ మీద పడి తళతళలాడుతుంటే ఫొటోలో ఏదీ తేలలేదు. మధ్యాహ్నం ఇద్దరూ అన్నానికి కూర్చున్నారు.

చేయి కడుక్కుంటూ ఆడబిడ్డ అంది: “రేపు బస్సుకు ముందు ఒక్క అదను ఉంది. ఎలాగూ పోయేదాన్నే కదా.”

“పోయేదాన్ని అనకు.”

“సరే, వెళ్ళొచ్చేదాన్ని. ఏడున్నరకి నీ గదిలోంచి లేచి నేరుగా గేటు, గేటులోంచి బస్సు. వెనక్కి వచ్చే టైముండదు. నువ్వు తల బయటపెడితే నీ పిట్ట పోయినట్టే.”

బైండరమ్మ ప్లేటు కడగడం ఆపి, కడిగిందే మళ్ళీ కడిగింది. “మలుపు దగ్గర లారీలు జోరుగా వస్తాయి,” అంది.

“నాకు కళ్ళున్నాయిలే.”

గురువారం ఆడబిడ్డ సంచీ భుజాన వేసుకునే గదిలోకి వచ్చింది. ఇద్దరికీ స్టూలు ఒక్కటే కావడంతో ఆమె నిలబడింది. పావుగంట గడిచింది. వాచీ చూసుకుని వంగి, వదిన చెవిలో “వెళ్ళొస్తా” అంది.

“ఊఁ,” అంది బైండరమ్మ, కన్నంలోంచి కన్ను తీయకుండా.

మెట్ల మీద చెప్పులు ఏడుసార్లు చప్పుడు చేశాయి. పెరటి ఇసుక కరకరమంది. బైండరమ్మ ఎడమచేయి గోనెపట్టా వైపు వెళ్ళింది. ఆమె ఆ చేతిని తీసి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. గేటు గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏదీ వినిపించలేదు.

పిట్ట తేలింది. అటూ ఇటూ చూసింది. గూటి మీదికి ఎక్కి, ముక్కుతో ఆకులను ఒక్కొక్కటే తీసి పక్కకు వేసింది. ఆకుల మరకలు పట్టి మట్టిరంగులోకి మారిన గుడ్లు నాలుగు బయటపడ్డాయి. బైండరమ్మ కుడిచేత్తో నొక్కింది. పిట్ట కూర్చునేలోపు పదకొండుసార్లు నొక్కింది.

పదింటికి ఇంజనీరు కెమెరా వెనక చిన్న తెరలోకి కళ్ళు చిట్లించి చూశాడు. “నాలుగా?” అన్నాడు. గూటి చుట్టూ దూరంగా నాలుగు కర్రలు పాతించి ఎర్రగుడ్డలు కట్టించాడు. యంత్రం చాలా చప్పుడు చేస్తూ వచ్చి, కర్రల దగ్గర పక్కకు తిరిగి వెళ్ళిపోయింది. పిట్ట రెండుసార్లు మునిగింది, రెండుసార్లూ తిరిగి వచ్చి కూర్చుంది.

పదకొండుకు ఫోన్ మోగింది. వెనక బస్సు రొద.

“ఏమైంది వదినా?”

“నాలుగు గుడ్లు. యంత్రం పక్కనుంచి వెళ్ళిపోయింది.”

“నేను వచ్చేటప్పుడు తల బయట పెట్టలేదుగా?”

“లేదు. మలుపు దాకా కాదు కదా, పై మెట్టు దాకా కూడా చూడలేదు.”



“నేను చూశాలే,” అంది ఆడబిడ్డ. “మలుపు వచ్చేదాకా నీ రేకుల గది వంకే చూస్తూ నడిచాను.”

“వెనక్కి చూస్తూ నడిచావా? లారీలొచ్చే చోట?” బైండరమ్మ గొంతు పెరిగింది. “బుద్ధుందా నీకు? చేరగానే ఫోన్ చెయ్యి.”