అనంతమ్మ ఎక్కిన స్టాండు

నేను ఒక ఇనుప స్టాండును. వాలీబాల్ కోర్టులో నెట్టు పక్కన నిలబడి అంపైర్లను మోయడం నా పని. తాండూరులో ఒక వెల్డింగు షాపువాడు మిగిలిపోయిన గేటు ముక్కలతో నన్ను అతికించాడు. అందుకే నాకు ఒక కాలు పొట్టి. దాని కింద నాపరాయి ముక్క పెడతారు. ఎక్కినవాళ్ళ పాదాలు నాకు బాగా తెలుసు. ఇక కింద నిలబడి అరిచే మీ ముఖాలంటారా, ఛీ, చూసి చూసి విసుగొచ్చింది.

మొదట్లో రాళ్ళ పాలిషింగు మిల్లు గుమాస్తా వీరేశం ఎక్కేవాడు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకే పాయింటు ఇచ్చేవాడు. అయినా తిట్లు తప్పలేదు. ఒక ఆదివారం ఆట మధ్యలో దిగి, చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తినవాడు మళ్ళీ ఇటు రాలేదు. ఆ తర్వాత ఒక్కడైనా ముందుకొస్తేనా! పైసా రాదు, పైగా అమ్మనూ అయ్యనూ కలిపి తిట్టించుకోవాలి. ఆడటానికి మాత్రం అందరూ మొనగాళ్ళే.

అప్పుడు వచ్చింది అనంతమ్మ. అదే మిల్లులో పనిచేస్తుంది, మా జట్టు కెప్టెన్ బందెప్పకు అక్క. చిన్నప్పుడు హాస్టల్లో ఆడింది.

"అంపైర్ లేకుంటే ఆట ఎట్ల నడుస్తదిరా? నేనెక్కుత" అంది.

పళ్ళికిలించారు వెధవలు. ఆమె వికారాబాదు పోయి రూల్సు నేర్చుకుని, మెడలో ఈల వేసుకుని వచ్చింది. ఎక్కిన రోజు పాదాలు వణికాయి. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఆ ఏడు ఫైనల్‌కు మా జట్టూ, బషీరాబాదు జట్టూ వచ్చాయి. ఎప్పుడూ ఓడిపోయే బందెప్పకు ఆ కప్పు మీదే ప్రాణం. చివరి పాయింటుకు అవతలివాళ్ళు కొట్టిన బంతిని బ్లాకు చేయబోయి ఎగిరాడు. బంతి వాడి వేలిని రాసుకుని బయట పడింది. నేను చూశాను, ఆమె కూడా చూసింది. ఈల ఊది, 'టచ్' అని చెయ్యి చూపింది. తాకి బయట పడితే పాయింటు కొట్టినవాళ్ళదే. కప్పు బషీరాబాదుకు పోయింది.

"అమ్మతోడు, తాకలేదక్కా!" అన్నాడు బందెప్ప. ఇద్దరికీ అమ్మ ఒక్కతే.

"తాకిందిరా. నీకు ఎరుకే."

"సొంత తమ్మున్నే ఓడగొడ్తవా? దిగు!" అని ఎవడో అరిచాడు. "దించుండ్రి దీన్ని!" అన్నాడు ఇంకొకడు.

అందరూ నా కాళ్ళు పట్టుకుని చింతచెట్టును దులిపినట్టు ఊపారు. ఆ చేతుల్లో బందెప్ప చేతులు కూడా ఉన్నాయి. ఆమె దిగలేదు, చూపిన చెయ్యి దించలేదు. పొట్టి కాలి కింది రాయి జారింది. నేను కూలాను. ఆమె మణికట్టు విరిగింది. థూ, మీవీ బతుకులేనా! దుమ్ములో పడి కూడా ఆమె "టచ్చే" అంది.

ఆ తర్వాత ఏ అంపైరును తెచ్చినా గొడవే. వాడు మీవాడంటే మీవాడని కొట్టుకున్నారు. చివరికి రెండు జట్లూ కలిసి పోయి అనంతమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాయట. ఇంత సిగ్గులేనితనం ఇనుముకు లేదు.

ఆమె వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకుని ఎక్కింది. పాదాలు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. బందెప్ప మెల్లగా వచ్చి నా పొట్టి కాలును గట్టిగా పట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

"ఆ దినం తాకిందక్కా" అన్నాడు.

"ఎరుకే. చెయ్యి తియ్యి. ఆడేటోళ్ళు స్టాండు ముట్టొద్దు."

వాడు చెయ్యి తీశాక, ఈల ఊదింది.