ఫ్లెక్సు వెనకవైపు

ఏడు ఏనుగులన్నానో తొమ్మిదన్నానో ఇప్పుడు నాకే గుర్తులేదు గానీ, ఆ ఘానా దేశపు ఇంజనీరమ్మ కట్టిన వంతెన మీద ఏనుగులు నడిచిన మాట వాస్తవం, నడిపించింది నేనే, ఆవిడ వీడియోలో నడిచినవి రెండు మేకలూ ఒక సైకిలూను, మేకలు నడిచాయని పెడితే మన వాట్సాప్ గ్రూపులో ఎవరు చూస్తారు, డ్యూటీ దిగొచ్చిన నర్సమ్మలు కళ్ళు నులుముకుంటూ చూసే గ్రూపాయె, అందుకని ఆ మేకల్ని కాస్త మేపాను, ఏనుగులైపోయాయి, అయినా కింద ఆవిడ పేజీ లింకు పెట్టానుగా, ఫాలో కొట్టండి అని రాశానుగా, కొట్టినవాళ్ళకి అసలు వంతెన కనబడుతుంది, అది నా ఏనుగులకంటే బాగుంటుంది, చాచా ఆగే బహుత్ జామ్ హై అంటున్నాడు టాక్సీ నడిపే పెషావరు డ్రైవరు, ముందు జామైతే ఉండనీ నాయనా, దుబాయ్ నైఫ్ సందుల్లోంచి బయటపడ్డాం, అదే పదివేలు, అల్ నహ్దాలో సభ హాలు ఎక్కడికీ పారిపోదు, తాతయ్యా గుచ్చుకుంటోంది అంటుంది పక్కన నా మనవరాలు ఫేబా, ఒళ్ళో అడ్డంగా పడుకున్న ఫ్లెక్సు చుట్ట కొస దాని డొక్కలో పొడుచుకుంటోంది, చుట్టని నా వైపు లాక్కున్నాను, ఎక్కడిదాకా వచ్చాను, ఆ, సెనెగల్ దర్జీ ఆవిడ, కత్తెర తీస్తే చాలు గుడ్డ దానంతటది పాపిడి తీసుకుంటుందని రాశాను, జమైకా చుక్కల మాస్టారు, డాబా ఎక్కి చుక్కలకి హాజరు పిలుస్తాడనీ, రాని చుక్కని మర్నాడు బెంచీ ఎక్కిస్తాడనీ రాశాను, రోజుకొకరు, పొద్దున్నే బైబిలు వాక్యం తరవాత నా మనిషి, అంతా నల్లవాళ్ళేనేంటండీ ఐజక్‌గారూ అని అడిగాడు ఏసుదానం, మన నర్సుల సంఘం కార్యదర్శి, మా ముమ్మిడివరం వాడే, నేనేమన్నా పాలకుండలో పుట్టానా ఏసుదానం, నేను పుట్టినప్పుడు మంత్రసాని దీపం ఆరిపోయిందనుకుని అగ్గిపెట్టె వెతుక్కుందట, ఏడిస్తే గానీ నేనున్నట్టు తెలియలేదట, మావాళ్ళ సంగతి నేను చెప్పక ఇంకెవరు చెబుతారు అన్నాను, ఆ వేళ నవ్విన నవ్వుకి గ్రూపంతా పసుపుపచ్చ మొహాలతో నిండిపోయింది.

కానీ ఈ రోజు సభకి వచ్చే ఆవిడ మీద మాత్రం ఒక్క కోతా కొయ్యలేకపోయాను, ఎన్నిసార్లు మొదలెట్టానో, ఏనుగు రాదు, చుక్క రాదు, వంజీరు, నైరోబీ ఆవిడ, దుబాయ్‌లో పెద్ద నర్సు, కొత్త నర్సులకి పాఠం చెప్పేటంత నర్సు, నల్లటి ఒంటి మీద జబ్బు ఎక్కడ కనబడుతుందో ఫోనులో చిన్న చిన్న వీడియోలు పెడుతుంది, పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లవాళ్ళవేనట, ఊపిరి అందకపోతే పెదాలు నీలంగా మారతాయని రాసి ఉంటుందట, మరి నాలాంటివాడి పెదాలు నీలం ఎప్పుడు తిరగాలి, ఎవరు చూడాలి, ఆ కరోనా ఏడు నేను కూతురు రూబీ ఇంట్లో చిక్కుకుపోయి దగ్గుతూ పడుకున్నప్పుడు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది రూబీ, అంకె బాగానే ఉంది నాన్నా, భయం లేదు అంది, నాకు మాత్రం గుండెల మీద ఎవరో వడ్లబస్తా దించినట్టుంది, అప్పటికి ఫేబా చిన్నది, స్కూలు లేక రోజంతా ఫోను పట్టుకుని తిరిగేది, అమ్మా ఈ ఆంటీ చూడు, నల్లవాళ్ళకి ఆ క్లిప్పు ఒక్కోసారి ఎక్కువ చూపిస్తుందంట, పెదవి లోపల చూడాలంట, నాలుక చూడాలంట అని వాళ్ళమ్మ మొహం మీద ఫోను పెట్టింది, రూబీ నా కింది పెదవి తిప్పి చూసింది, అంతే, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా నన్ను కారెక్కించింది, ఆసుపత్రిలో గాలి పెట్టాక డాక్టరన్నాడట, ఇంకాస్త ఆగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణి అని, చూశారా, నా ప్రాణం నా పెదవి లోపల దాక్కుని ఉంది, దాని అడ్రసు నైరోబీ ఆవిడకి తెలుసు, ఇంత సంగతి జరిగాక దానికి ఏ ఏనుగుని తగిలించను.

ఫేబా పెదాలు కదుపుతోంది, సభలో చెప్పబోయేది వల్లె వేసుకుంటోంది, ఇప్పుడు ఇంటరు చదువుతోంది, తను కూడా వీడియోలు చేస్తుంది, కాలిన చేతికి ఏం చెయ్యాలి, వడదెబ్బకి ఏం చెయ్యాలి, తెలుగులో చెబుతుంది, లేబరు క్యాంపుల్లో ఉన్న మనవాళ్ళు చూస్తారు, కానీ దాని మొహం ఎవరూ చూడలేదు, గొంతే వినబడుతుంది, తెర మీద గోడో గ్లాసో కనబడుతుంది, నా మనవరాలు నా రంగే, దీపం ఆరిపోయిన రంగు, పదో తరగతి గ్రూపు ఫోటోలో ఎవరో దాని మొహం ఒక్కటే తెల్లగా దిద్ది పెట్టారు, సాయం చేశామనుకున్నారు పాపం, ఆ రోజునుంచి కెమెరా వైపు తిరగడం మానేసింది, ఏంటే దొంగతనం చేసినట్టు దాక్కుంటావు అంటే, తాతయ్యా నీకు తెలీదులే అంటుంది, వంజీరుకి తెలిసింది, ఫేబా వీడియో కింద రాసింది, గొంతు చాలా బాగుంది, మొహం ఎప్పుడు తెస్తావు అని, ఆ మాట చూశాకే పట్టుబట్టి నర్సుల దినానికి ఆవిణ్ణి పిలిపించింది ఫేబా, నేనే పరిచయం చేస్తాను, స్టేజీ ఎక్కి, మొహం కనబడేలా, వీడియో తీసి పెట్టండి అంది, ఆ మాట అన్నప్పుడు రూబీ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడింది, అందుకే ఫ్లెక్సు బాధ్యత నేను తీసుకున్నాను, ఫ్లెక్సు లేకుండా సభ ఏమిటి, పెళ్ళికూతురు లేని పెళ్ళి, నైఫ్‌లో ఫ్లెక్సులు వేసే మంగరాజు ఉన్నాడు, మనవాడే, కానీ చుట్ట చేతికిచ్చేటప్పుడు వాడన్న మాట ఇందాకటినుంచి పంటికింద రాయిలా తగులుతోంది, చూసుకోనక్కర్లేదు బాబాయ్, హీరోయిన్‌లా చేసేశాను అన్నాడు, హీరోయిన్ ఎందుకురా, నేను అడిగింది నర్సుని కదా.

అల్ నహ్దా హోటలు మేడ మీది హాల్లో ఏసుదానం ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని విప్పాం, ముందు సూర్యకిరణాలు వచ్చాయి, తరవాత పావురాలు, తరవాత గులాబీలు, తరవాత ఆవిడ, ఆవిడంటే ఎవరో ఆవిడ, గోధుమపిండి ముద్దకి కళ్ళూ ముక్కూ పెట్టినట్టు, మెడా మొహమూ ఒకటే తెలుపు, కింద వరసగా మా కమిటీవాళ్ళ చిన్న ఫోటోలు, నేనూ ఏసుదానమూ రూబీనూ, అందరం అదే ముద్దలోంచి గిల్లి చేసినట్టున్నాం, ఫేబా చూసింది, చేతిలో కాగితం మడిచింది, ఇంకా మడిచింది, తాతయ్యా, ఇది ఆవిడ కాదు అంది, తగ్గు గొంతుతో, ఆ గొంతు నాకు తెలుసు, కెమెరా వైపు తిరగని గొంతు, ఏసుదానం మాత్రం బాగానే ఉందిగదండీ, నిండుగా ఉంది, ఎక్కడైనా ఫ్లెక్సంటే ఇలాగే చేస్తారు, ఆవిడేమీ అనుకోరు అంటున్నాడు, నోర్ముయ్యవయ్యా అని ఫోను తీసి మంగరాజుకి కొట్టాను, ఏరా, ఆవిణ్ణి ఏం చేశావురా, నేనేం చేశాను బాబాయ్, మొహం పెట్టగానే ముందు నొక్కేది ఆ తెలుపు బటనే కదా, పెళ్ళికైనా పుట్టినరోజుకైనా అదే నొక్కుతాం, నొక్కకపోతే డల్లుగా ఉందని తిడతారు, పిన్నిగారి ఫ్లెక్సుకీ అదే నొక్కాను, మీరు మెచ్చుకున్నారు కూడాను, అన్నాడు, అవును, సత్యకుమారి, నా భార్య, రెండేళ్ళ కిందట జ్ఞాపకార్థ కూడికకి ఇంత ఫ్లెక్సు, అందరూ మహాలక్ష్మిలా ఉన్నారండీ అన్నారు, నేను కుర్చీలో కూర్చుని ఆ మొహంలో ఆవిణ్ణి వెతుక్కున్నాను, చేపలపులుసు పొయ్యి దగ్గర ఎర్రగా మెరిసే ఆ నలుపేది, నన్ను కసిరేటప్పుడు ఇంకా చిక్కబడే ఆ నలుపేది, కూడిక అయిపోయేదాకా వెతికాను, దొరకలేదు, ఆ కొత్త మొహానికి నేనే అలవాటు పడాలేమో అనుకున్నాను, అలవాటు పడవలసింది నేను కాదని ఇప్పుడు తెలుస్తోంది, ఏసుదానం, దించు, దీన్ని కట్టేది లేదు అంటున్నాను, అంతలో తలుపు తెరుచుకుంది.

రూబీ వెంట వంజీరు వచ్చింది, నేరేడుపండు మీద నీళ్ళు చిలకరించినట్టున్న మొహం, పై పళ్ళ మధ్య సందు, ఫోనులోకంటే పొట్టి మనిషి, మేమింకా ఫ్లెక్సు పట్టుకునే ఉన్నాం, చూసింది, దగ్గరికొచ్చి తల వంచి చూసింది, ఈవిడెవరు, ఈవిడ కూడా మాట్లాడతారా అని అడిగింది ఇంగ్లీషులో, నిజంగానే అడిగింది, రూబీ నా వైపు చూసింది, అందరూ నా వైపే చూశారు, ఐజక్‌గారికి కోతలకేం తక్కువ, ఏదో ఒకటి అంటాడు గట్టెక్కుతాం అని, రాకేం, వచ్చాయి, అమ్మా ఈవిడ మీ చెల్లెలు, మంచుదేశంలో పెరిగింది అనొచ్చు, ప్రెస్సులో మీ వెలుగు చూసి మెషినుకి కళ్ళు చెదిరాయి అనొచ్చు, నాలుక చివర మూడు కోతలు వరసకట్టాయి, పక్కన ఫేబా నా నోటికేసి చూస్తోంది, మూడూ మింగేశాను, రూబీ చెప్పవే, ఆవిడ మీరేనమ్మా, మా అలవాటు మిమ్మల్ని తినేసింది, తప్పు మాది, చెప్పు అన్నాను, రూబీ చెప్పింది, వంజీరు ఒక క్షణం నవ్వలేదు, ఆ క్షణంలో నేను ముమ్మిడివరం దాకా నడిచి వెళ్ళి వచ్చాను, తరవాత నవ్వింది, ఆ పళ్ళ సందులోంచి గలగలా, మా అమ్మ పెళ్ళి ఫోటో కూడా ఇలాగే ఉంటుంది, చిన్నప్పుడు ఈ తెల్లావిడ మా ఇంట్లో ఎందుకుంది అని ఏడ్చేదాన్ని అంది, ఏసుదానం నవ్వాడు, అందరూ నవ్వారు, ఫేబా నవ్వలేదు, ఫ్లెక్సు అంచు పట్టుకుని, తాతయ్యా తిప్పు అంది, ఏంటే, వెనక్కి తిప్పు, వెనకాల ఖాళీయేగా, ప్రొజెక్టరు వేద్దాం, ఆవిడ వీడియోలే ఆవిడ ఫోటో అంది, ఓరి దీని బుర్ర బంగారంగానూ, యల్లా, పద ఏసుదానం, తిప్పవయ్యా అన్నాను, సూర్యకిరణాలూ పావురాలూ మా పిండిముద్ద మొహాలూ అన్నీ గోడవైపు తిరిగి నిలబడ్డాయి, తప్పు చేసిన పిల్లల్లా.

ఫేబా స్టేజీ ఎక్కింది, మడతలు పడ్డ కాగితం విప్పలేదు, దీపం వెలుగు సూటిగా మొహం మీద, కెమెరా ఎదురుగా, తల దించలేదు, నా పేరు ఫేబా, మా తాతయ్య బతికుండడానికి కారణం ఈవిడ అని మొదలెట్టింది, అంతే, ఆ పైన ఏం చెప్పిందో నాకు సగం వినబడలేదు, చెవుల్లో ఏదో మేళం మోగుతోంది, తరవాత వంజీరు లేచి, చూపించడానికి ఒక చెయ్యి కావాలి, ఎవరిస్తారు అంది, ఫేబా నన్ను ముందుకు తోసింది, ఎప్పుడూ వేదిక కోసం ఎగబడేవాణ్ణి, ఈసారి మెట్లు చూసుకుంటూ ఎక్కాను, ఆవిడ నా చెయ్యి పట్టుకుని ప్రొజెక్టరుకి కలిపిన ఫోను కెమెరా కింద పెట్టింది, ఫ్లెక్సు వెనక తెల్లదనం మీద నా చెయ్యి పడింది, గోడంత, తాటాకంత, గోళ్ళు చేటలంత, అరచేతి గీతలు గోదావరి పాయల్లా, దేవుడా, ఇంత నలుపు ఇంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు, చూడండి, గోరు కింద ఇక్కడ చూడాలి, అరచేతిలో ఇక్కడ చూడాలి, రక్తం తక్కువైతే ఇక్కడ పాలిపోతుంది, ఈ రంగుని చదవడం నేర్చుకోవాలి అని ఆవిడ చెబుతుంటే నర్సమ్మలంతా మెడలు చాచి నా చేతిని చదువుతున్నారు, ఏసుదానం కూడా, ఆగండి, ఇంకో చెయ్యి అని ఫేబా తన చెయ్యి తెచ్చి నా చేతి పక్కన పెట్టింది, అదే రంగు, లేత రంగు కాదు, అదే, పెట్టి కెమెరాలోకి వంగి నవ్వింది, తెర మీద రెండు చేతుల మధ్య దాని మొహం, పళ్ళు, కళ్ళు, అచ్చం సత్యకుమారి, కూడికలో అంతసేపు వెతికితే దొరకనిది ఇక్కడుందా, ఫ్లెక్సు వెనకవైపు ఉందా, చుట్టూ చప్పట్లు, నేనేమో లెక్క వేసుకుంటున్నాను, ఇన్నాళ్ళూ నేను కోసిన కోతలన్నీ మనిషిని పెంచినవే, మేకని ఏనుగు చేశానే గానీ ఏ ఏనుగునీ పట్టుకుని మేకని చెయ్యలేదు, ఆ బటను చేసే పని అదే, రేపు పొద్దున్న గ్రూపులో పెట్టవలసిన మనిషి ఎవరో తెలిసిపోయింది, దాని పేజీ లింకు పెడతాను, ఫాలో కొట్టండి అని రాస్తాను, పైన ఏం తగిలించాలా అని వెతికి చూశాను, ఏనుగులు లేవు, చుక్కలు లేవు, ఏదీ సరిపోవడం లేదు, ఈమె ఫేబా, నా మనవరాలు, నా రంగు, అంతే, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, దానికంటే పెద్ద కోత నాకు రాదు.