చప్పుడు చేయని బండి

మా పాత పికప్ బండి తుక్కుకు పోయిన రోజు నుంచి మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మా ఆయనది ఎలక్ట్రిక్ పార్టీ, మా మరిదిది డీజిల్ పార్టీ. నాది ఏ పార్టీయో ఎవరూ అడగలేదు. అద్దె వ్యానుల వాళ్లను ఫోనులో బతిమాలుకునే పని మాత్రం నాకు వదిలేశారు.

మాది అద్దాల షాపు. కిటికీలకు, తలుపులకు, అల్మారాలకు గాజు కోసి, ఇంటికి చేర్చి, బిగించి వస్తాం. మా ఆయన కోస్తాడు. మరిది బండికెక్కిస్తాడు, దించుతాడు. కొలతలు రాసుకోవడం, గిరాకీల చేత తిట్లు తినడం నా వంతు. సొంత బండి లేక పనులన్నీ వెనకబడుతుంటే అన్నదమ్ములిద్దరికీ చీమ కుట్టినట్టయినా లేదు. పొద్దున్నే టీ దగ్గర కూర్చుని మొదలుపెట్టేవాళ్లు.

"ఛార్జింగ్ అయిపోయి నడిరోడ్డు మీద ఆగితే ఎవరు తోస్తారన్నయ్యా?"

"అంతదాకా చూసుకోకుండా నడిపేవాడికి బుర్ర లేనట్టే లెక్క."

"మరి ఆ పై కాలనీ? లోడుతో ఆ ఎత్తు ఎక్కాలంటే డీజిల్ బండికే ఆయాసమొస్తుంది."

"నీకేం తెలుసురా? దీని పికప్పే వేరు."

మా ఆయనకు మాత్రం ఏం తెలుసు? ఫోనులో వీడియోలు చూశాడు, అంతే. అన్నం తింటూ బ్యాటరీలు, పడుకుని బ్యాటరీలు. నిద్రలో కూడా కిలోమీటర్లు కలవరించాడంటే ఎవరూ నమ్మరు.

ఈ గొడవ వెనక ఇంకో గొడవ ఉంది. షాపులో నిక్షేపంలా ఉన్న పలక, గిరాకీ ఇంటి ముందు దించేసరికి కింది మూలలో సన్నగా బీట వారి కనిపించేది. ప్రతిసారీ కాదు గానీ, ప్రాణం విసిగిపోయేంత తరచుగా. ఎప్పుడూ కింది మూలే కాబట్టి, మరిది బండిలో పెట్టేటప్పుడు గట్టిగా ఆనిస్తున్నాడని మా ఆయన తేల్చేశాడు. "వాడిది చెయ్యి కాదు, సుత్తి" అని గిరాకీల ముందే అనేవాడు. ఇంట్లో అందరికీ గాజు గ్లాసుల్లో టీ, మరిదికి మాత్రం స్టీలు గ్లాసు. మొదట్లో అది వేళాకోళమే. పోనుపోను తనే "వదినా, నా స్టీలు గ్లాసేదీ?" అని వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఈమధ్య ఒకరోజు కౌంటర్ దగ్గరికొచ్చి తచ్చాడాడు.

"వదినా, బట్టల గోదాంలో పని మాట్లాడుకున్నాను. కొత్త బండి రాగానే వెళ్లిపోతా."

"అదేం పాడుబుద్ధి? మావయ్యగారు పెట్టిన షాపు ఇది. అక్కడేం పనయ్యా నీకు?"

"అన్నీ మూటలే వదినా. చేజారి కింద పడినా ఏమీ పగలదు."

నవ్వుతూనే అన్నాడు. మీసాలు రాకముందు నుంచీ గాజు మోస్తున్నవాడు, తనకు గాజు ముట్టుకునే యోగ్యతే లేదనుకుంటున్నాడు. మా ఆయనతో చెబితే, "పోతే పోనీ, పలకలైనా మిగులుతాయి" అని మళ్లీ ఫోనులో తల దూర్చాడు. ఆ ఫోను లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది.

అంటే బండి రావడం ఆలస్యం, మరిది వెళ్లిపోతాడు. అలాగని ఎన్నాళ్లు అద్దె వ్యానులు? ఇక లాభం లేదని ఎలక్ట్రిక్ బండ్ల షోరూముకి నేనే ఫోన్ చేశాను. ఒకరోజు నడిపి చూసుకోండని, బండినిచ్చి సేల్స్ కుర్రాడిని వెంట పంపారు. "లోడు వేసే చూడండి మేడం" అన్నాడు అతను.

మా ఆయన తన స్టాండు బయటికి తీయించి బండిలోకి ఎక్కించాడు. స్టాండంటే ఇంటికప్పులా రెండు వైపులా వాలుగా ఉండే ఇనుప చట్రం. పలకలను దానికి ఆనించి తాడు కట్టి తీసుకెళ్తాం. అది మా ఆయన సొంతంగా వెల్డింగ్ చేసింది. పాత బండిని అమ్మేసినా స్టాండును మాత్రం దింపుకుని దాచాడు. అద్దె వ్యానుల్లోకీ అదే ఎక్కేది. దాన్ని ఎవరైనా కదిపి చూడబోతే "చెయ్యి తియ్" అని కసిరేవాడు.

మరిది ఒక పెద్ద పలకను, పసిపిల్లను పక్క మీద పడుకోబెట్టినంత నెమ్మదిగా స్టాండుకి ఆనించాడు. నేను కళ్లారా చూశాను. నువ్వూ రమ్మంటే, "వద్దులే వదినా, నేనెక్కితే ఏదో ఒకటి పగులుతుంది" అని వెనక్కి తగ్గాడు.

మా ఆయన స్టీరింగ్ పట్టుకున్నాడు. పక్కన నేను, ఆ పక్కన కుర్రాడు. బండి ఎప్పుడు కదిలిందో నాకే తెలియలేదు.

"చూశావా?" అన్నాడు మా ఆయన, బండిని తనే కనిపెట్టినట్టు. "ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కూడా తెలియట్లేదు."

వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగాం. వెనక నుంచి 'టక్' మని వినబడింది.

"ఏం బాబూ, మీ బండిలో ఏదో లూజుగా ఉంది," అన్నాడు మా ఆయన కుర్రాడితో.

"కొత్త బండి సార్!"

గతుకొచ్చింది. టక్. మలుపొచ్చింది. టక్. మా ఆయన బండి పక్కకు ఆపి, తప్పు పట్టుకుని తీరాలన్న ఉత్సాహంతో వెనక్కి వెళ్లాడు. కుర్రాడు పైకెక్కి అక్కడా ఇక్కడా నొక్కి చూసి, చివరికి స్టాండు మీద చెయ్యి వేశాడు. టక్.

"సార్, ఈ స్టాండుకి వెనక కాలొకటి పొట్టిగా ఉంది. కింద రబ్బరు అతికించారు కదా, అందుకే పైకి తెలియట్లేదు. ఇది ఊగినప్పుడల్లా పలక కింది మూల ఇనుముకి కొట్టుకుంటోంది." పాపం, అమ్ముకునేవాడు కదా, అక్కడితో ఆగలేదు. "డీజిల్ బండి అయితే ఆ మోతలో ఇది వినబడేది కాదు సార్. మా బండి గొప్పతనమే అది!"

మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. బండిని వెనక్కి తిప్పాడు. షాపు ముందు దిగుతూనే ఒక ప్రకటన వినిపించాడు.

"ఈ ఎలక్ట్రిక్ మనకు పనికిరాదు. డీజిలే కొందాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే మరిది పరిగెత్తుకొచ్చాడు. "నేను చెప్పలే? వదినా, అన్నయ్య నా మాట విన్నాడు!" పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య వాడి మాట వినడం అదే మొదటిసారి. ఆ సంబరంలోనే పలక దించబోయి ఆగిపోయాడు. కింది మూల బీట వారింది.

"మెల్లగానే పెట్టాను వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "ఒట్టు. మెల్లగానే పెట్టాను."

"సర్లేరా, పోనీ," అన్నాడు మా ఆయన, పెద్ద మనసు చేసుకుని.

క్షమించేశాడు! ఎవరి తప్పును ఎవరు క్షమిస్తున్నారు? ఆ మనిషిని రెక్క పట్టుకుని లోపల కోత బల్ల దగ్గరికి లాక్కెళ్లాను.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"చెప్పడానికేముంది? వాడడిగిన డీజిలే కొంటున్నాం కదా."

"వాడి కోసం కొంటున్నారా, మోత కోసం కొంటున్నారా?"

తల దించుకున్నాడు. "ఇన్నేళ్లు వాణ్ణి అన్ని మాటలన్నాక, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఉన్న మొహంతోనే చెప్పండి. వీడియోలు చూసి కొత్తది కొనడానికి అదేమైనా బండా?"

చెప్పలేదు. బయటికి నడిచి, పలకను అలాగే ఉంచి, "ఎక్కరా" అని మాత్రం అన్నాడు తమ్ముడితో. నేను మెట్ల మీదే నిలబడి చూశాను. బండి వీధి చివరిదాకా వెళ్లి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది. అంత దూరం నుంచి కూడా ఆ టక్ మనే చప్పుడు నాకు వినబడింది. బండి వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది.

తిరిగొచ్చాక మరిది ఒక్కడే దిగాడు. మా ఆయన స్టీరింగ్ వదల్లేదు. మరిది నేరుగా నా దగ్గరికొచ్చి అరచేతులు రెండూ చాపాడు.

"వదినా, అయితే నా చేతులు బాగానే ఉన్నాయా?"

"బంగారంలా ఉన్నాయయ్యా," అన్నాను. ఇంకొక్క మాట మాట్లాడితే ఏడ్చేస్తానని తెలిసి, ఏ పాపమూ ఎరగని సేల్స్ కుర్రాడి మీద విరుచుకుపడ్డాను. "అలా నిలబడి చూస్తారేం? ఈ బండే మాకు కావాలి. కాగితాలు తీయండి!"

"ఒకసారి ఆలోచిద్దాం..." అన్నాడు మా ఆయన కిటికీలోంచి.

"ఆలోచించింది చాలు. ఈ షాపులో ఇకమీదట ఏం జరిగినా అందరికీ వినబడాలి."

"అది కాదు వదినా, ఆ పై కాలనీ ఎత్తు..." అని మొదలుపెట్టాడు మరిది.

"నువ్వు నోర్ముయ్!" అన్నాను. అన్నదమ్ములు అన్నదమ్ములే, ఆ పోలిక ఎక్కడికి పోతుంది!

కుర్రాడు వెళ్లాక టీ పెట్టాను. అలవాటు కొద్దీ ఒక స్టీలు గ్లాసు, రెండు గాజు గ్లాసులు పళ్లెంలో వచ్చేశాయి. మా ఆయన లేచి, స్టీలు గ్లాసు తీసుకుని తన చోట కూర్చున్నాడు. అంతటితో లెక్క సరిపోయిందనుకున్నాడు కాబోలు.

"గ్లాసు మార్చితే అయిపోదు," అన్నాను. "నోరు తెరిచి చెప్పండి."

గొంతు సవరించుకున్నాడు. గోడ వంక చూశాడు, పగిలిన పలక వంక చూశాడు, చివరికి తమ్ముడి వంక చూశాడు.

"తప్పు నాదిరా. మొదటి నుంచీ నాదే."

మరిది గాజు గ్లాసును రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "టీ చల్లారిపోతోంది, తాగన్నయ్యా," అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"గోదాం వాళ్లకు ఫోన్ చేసి నేను రావట్లేదని చెప్పెయ్ వదినా. అలాంటివి నీకే బాగా వచ్చు."