ఇత్తడి ముక్కుకి గంధం బొట్టు

నేను ఒక ఇత్తడి ముక్కును. ఊపిరి పీల్చుకోవడం నాకు రాదు, వదలడం ఒక్కటే నా పని. ఇంజినీరింగు కాలేజీ వాళ్ళు నన్ను నాజిల్ అంటారు. నాలో గొట్టంలో గొట్టం ఉంటుంది, రెండింటికీ కేంద్రం ఒక్కటే. లోపలి గొట్టంలోంచి కార్బన్ డయాక్సైడు, చుట్టూ ఉన్న సందులోంచి మామూలు గాలి బుస్సుమని బయటికొస్తాయి. సుడులు తిరుగుతూ అవి ఎంత దూరంలో కలిసిపోతాయో కొలవడమే పరిశోధన. ఒకే వరండాలో పాతికేళ్ళుగా పక్కపక్క గదుల్లో కూర్చుని, ఎదురుపడితే గోడవైపు తిరిగిపోయే ప్రొఫెసర్లకి ఈ కలయిక మీద ఇంత మోజేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

నన్ను పుట్టించింది విశాఖపట్నం కంచరపాలెంలో లేతు మేస్త్రి గౌసు. పరిశోధన చేసే అరుంధతి నా అంచు నున్నగా లేదని మూడుసార్లు వెనక్కి పంపింది. నాలుగోసారి ఆయన నన్ను బల్ల మీద పెట్టి, "మా అమ్మాయి పెళ్ళి ఉంగరం కూడా ఇంత పరీక్షగా చూసుకోలేదు. ఇక పట్టుకెళ్ళు తల్లీ" అని దణ్ణం పెట్టేశాడు.

నాలుగేళ్ళు ఆ పిల్ల నాతోనే గడిపింది. రెండు గాలులూ సగానికి సగం కలవడానికి ఇరవై సెంటీమీటర్లు పట్టేది. పుస్తకాల్లో ఉన్నదీ ఆ ఇరవయ్యే. "ఉన్నదే మళ్ళీ తేల్చడానికి నువ్వెందుకమ్మా, జిరాక్సు మిషను చాలదా?" అనేవారు ఆమె గైడు విఠల్రావు గారు. ఆయన ల్యాబు మొహం చూసి ఏళ్ళయింది గానీ ప్రతి పేపరు మీదా మొదటి పేరు ఆయనదే. డిసెంబరులోగా కొత్త సంగతేదైనా చూపించకపోతే గడువు అయిపోతుంది, నాలుగేళ్ళ చదువూ అటకెక్కుతుంది. పాపం, ఆ భయంతో దానికి తిండి కూడా సయించేది కాదు.

అంతలో దసరా వచ్చింది. ల్యాబు అటెండరు సన్యాసప్పడికి భక్తి ఎక్కువ, తీరిక ఇంకా ఎక్కువ. ఆయుధపూజ నాడు బ్లోయరుకి బొట్టు, సిలిండరుకి బొట్టు, అయిదేళ్ళుగా ఆగిపోయిన గోడ గడియారానికీ బొట్టు. నా దగ్గరికొచ్చి, "దీని మొహం ఎటుందో!" అని తడిమి తడిమి, లోపలి గొట్టం అంచుకి వేలితో నాలుగువైపులా నాలుగు గంధం బొట్లు దట్టంగా పెట్టాడు. ఆ అంచు కాస్త లోపలికి ఉంటుంది, వంగి చూస్తే తప్ప కనబడదు. గంధం ఎండి గట్టిగా బిగుసుకుంది.

సెలవులయ్యాక అరుంధతి కొలిచింది. పదమూడు! మళ్ళీ కొలిచింది. పదమూడే! గాలులు ఇంత తొందరగా కలవడం ఏ పుస్తకంలోనూ లేదు. విఠల్రావు గారు పరుగున వచ్చి, "నేనెప్పుడో అనుకున్నాను!" అన్నారు. ఏమనుకున్నారో మాత్రం చెప్పలేదు. వారం తిరక్కుండా పేపరు తయారైంది, మొదటి పేరు ఎవరిదో చెప్పక్కర్లేదు.

పేపరు పంపే ముందు రోజు అరుంధతి నాలోకి టార్చిలైటు వేసింది. బొట్లు కనబడ్డాయి. చింతపండు పెట్టి తోమి మళ్ళీ కొలిస్తే, ఇరవై. స్టూలు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సంగతి విని సన్యాసప్పడు నెత్తి కొట్టుకున్నాడు. "నా సేతులిరిగిపోనూ! నీ సదువు గట్టెక్కాలనే ఎట్టినానమ్మా!"

గైడుగారు మాత్రం చలించలేదు. "బొట్టు సంగతి నీకూ నాకూ ఈ అటెండరుకీ తప్ప ఎవరికి తెలుసు? నోరు మూసుకుని డాక్టరువైపో."

"నాకు తెలుసు కదా సార్" అంది అరుంధతి.

చెప్పొద్దూ, ఆ మాటకి నేనే హడలిపోయాను. అయిపోయింది, ఈ పిల్ల చదువూ నా బతుకూ గంగలో కలిశాయనుకున్నాను. ఆమె మాత్రం మొహం కడుక్కొచ్చి, "అప్పడు గారూ, ఆ గంధం ఎలా పెట్టారో అలాగే మళ్ళీ పెట్టండి" అంది. అలాగే పెట్టాడు. పదమూడు. ఆ నెలంతా ఆయన గంధం అరగదియ్యడం, ఆమె ఒక బొట్టు, రెండు బొట్లు, ఆరు బొట్లు అంటూ కొలవడం. అంచున చిన్న అడ్డం తగిలితే గాలి అక్కడ సుడి తిరిగి తొందరగా కలుస్తుందని తేలింది. నాలుగు బుడిపెలతో కొత్త నాజిల్ చెయ్యమంటే గౌసు మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. "నున్నగా లేదని మూడుసార్లు తిప్పి పంపి, ఇప్పుడు బుడిపెలు పెట్టమంటావా తల్లీ!"

థీసిస్ మొదటి పేజీలో, ఇదంతా అటెండరు సన్యాసప్పడు గారు ఆయుధపూజ నాడు పెట్టిన బొట్ల వల్ల తెలిసిందని రాసింది. ఆ వాక్యాన్ని విఠల్రావు గారు మూడుసార్లు కొట్టేశారు. ఆమె నాలుగోసారీ రాసింది. పరీక్షకు వచ్చిన పెద్దాయన అది చదివి పడీపడీ నవ్వి, సన్యాసప్పణ్ణి పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అరుంధతి డాక్టరైంది, ఆ కాలేజీలోనే మేడమైంది. బుడిపెల నాజిల్‌కి అద్దాల బీరువా. నాకు ఇనప బీరువా, మెడలో ఒక చీటీ: 'దీనికి బొట్టు పెట్టరాదు'. పోల్చి చూడ్డానికి నున్నటిది ఒకటుండాలట. ఏటేటా ఆగిపోయిన గడియారానికి కూడా బొట్టు పెడతారు, నాకు లేదు. ఉక్రోషంగా ఉండదూ?

మొన్న దసరా సన్యాసప్పడి సర్వీసులో ఆఖరిది. గంధం గిన్నెతో నా ముందు నిలబడి, చీటీ చూసి, పక్కకి జరిగాడు.

"దీన్ని వదిలేశారేం?" అంది అరుంధతి.

"రాసుంది కదమ్మా."

ఆమె చీటీ పీకేసి నన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి, అంచుకి ఆమడ దూరంలో, అడుగున ఒక్క బొట్టు పెట్టాడు. "ఇక్కడైతే కొలతకి తేడా రాదు కదమ్మా?"

"రాదు" అంది అరుంధతి. ఇన్నేళ్ళలో ఆమె కొలవకుండా చెప్పిన మాట అదొక్కటే.