జంట లైను మీద మోడెమ్

మోడెమ్ కీచుమంది, గరగరలాడింది, గొంతు మార్చి మార్చి అరిచి చివరికి ఊరుకుంది. లైను కలిసింది. బురుల్ మౌస్ మీద చెయ్యి వేసి, తెర మీది బాణాన్ని ఉత్తరం పంపే బొత్తాం వైపు జరిపింది. సగం దూరం పోయిందో లేదో, బాణం ఉన్నచోటే బిగుసుకుపోయింది. లైను తెగిపోయింది.

"మళ్లీ తెగిందా?" అని వంటింట్లోంచి మొగుడు ఎసెన్‌బెక్ అడిగాడు. ఆ అడగటం చూస్తే తెగాలని మొక్కుకుని కూర్చున్నవాడిలా ఉన్నాడు.

బురుల్ మళ్లీ నంబరు కలపడం మొదలెట్టింది. నోరు తెరిస్తే ఏం అంటుందో ఆమెకే భయంగా ఉంది. సాయంత్రం ఆరింటిలోగా ఆ ఉత్తరం జర్మనీ చేరాలి. చేరకపోతే ఉద్యోగం పోయినట్టే. పోవడమేమిటి, ఇంకా రానే లేదు. ఇక్కడ కిర్గిజ్ దేశంలో పాడి పశువుల పథకం నడుపుతున్న జర్మన్ల ఆఫీసుకి ఒక అనువాదకురాలు కావాలి. పరీక్షగా ఒక పుస్తకం ఇచ్చారు, ఆవుల పొదుగు వాపు మీద. దాన్ని కిర్గిజ్‌లోకి మార్చి పంపాలి. దిద్దేవాడు అక్కడ జర్మనీలో ఉన్నాడు. గడువు దాటి వచ్చినవి తెరిచి కూడా చూడమని ముందే చెప్పారు.

పదిహేనేళ్లు పిల్లలకు జర్మన్ నేర్పిన మనిషి బురుల్. దేశం పాత కూటమి నుంచి విడిపోయాక బడిలో జీతం ఇచ్చిన నెల కంటే ఇవ్వని నెలలే ఎక్కువయ్యాయి. దాంతో దొర్దోయ్ బజారులో కొట్లుగా మార్చిన పెద్ద ఇనుప డబ్బాల మధ్య నిలబడి, వ్యాకరణం చెప్పిన నోటితోనే "మేజోళ్లు, ఉన్ని మేజోళ్లు" అని అరిచింది. చలికాలమంతా మంచులో నిలబడి నిలబడి కాలి వేళ్లు నల్లబడ్డాయి. ఒకసారి తన దగ్గర చదివిన పిల్ల వచ్చి మేజోళ్లు బేరమాడి, మొహం చూసి, బేరం మానేసి అడిగినంతా ఇచ్చి వెళ్లిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చిన ఏడుపు ఆమెకింకా గుర్తే. మళ్లీ ఆ డబ్బాల మధ్యకి పోకూడదు. అంతే, ఆమెకి కావలసింది అదొక్కటే.

అనువాదం ఎప్పుడో అయిపోయింది. పంపడమే కావడం లేదు. ఊళ్లోకి వెళ్లి ఎక్కడైనా పంపిస్తానని మొదటి రోజే అంది. ఎసెన్‌బెక్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంట్లో ఇంజినీరు ఉండగా వీధిన పడి మోడెమ్ వెతుక్కుంటావా అన్నాడు. ఆయన పనిచేసిన పరికరాల ఫ్యాక్టరీ మూతపడి ఎన్నాళ్లయినా ఆ ఇంజినీరు మాత్రం మూతపడలేదు. కంప్యూటర్ని ముక్కలు ముక్కలుగా కొనుక్కొచ్చి తనే బిగించాడు, మోడెమ్ కూడా తనే పెట్టాడు. పెట్టిన రోజు నుంచీ ఎవరినీ ఆ పెట్టె వెనక్కి తొంగిచూడనివ్వడు. పెట్టె పక్కనే ఆయన రేడియో డబ్బా ఒకటుంది. రాత్రయితే కంప్యూటర్‌కి బిగించిన ఆ డబ్బా మీద దూరాన ఓమ్స్క్ ఊళ్లో ఉన్న తనలాంటి వాళ్లెవరికో కబుర్లు పంపుతుంటాడు. ఏం కబుర్లంటే, మా దగ్గర మబ్బేసింది, మీ దగ్గరో అని.

లైను ఎందుకు తెగుతోందంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పక్కింటి ఊల్కాన్ ఎజే, అంటే ఊల్కాన్ అక్క.

వాళ్లది జంట లైను. రెండిళ్లకీ కలిపి ఒకటే తీగ, మెట్ల దగ్గర గోడకి ఒక డబ్బా. ముందు ఎవరు ఎత్తితే వాళ్లది ఫోను, అవతలివాళ్లది కొయ్యముక్క. ఆ భవనంలో ఇళ్ల మధ్య గొడవలన్నీ ఆ డబ్బాల దగ్గరే మొదలవుతాయి. ముసలామెకి పొద్దస్తమానం ఫోనే పని, కావాలనే ఎత్తి పెడుతోంది, డబ్బా పాతది కాబట్టి అవతల ఎత్తినా మన లైను తెగుతోంది, మనకి కంప్యూటర్ ఉందని కడుపుమంట అని ఎసెన్‌బెక్ చెప్పాడు. ఒకసారి కాదు, తెగినప్పుడల్లా చెప్పాడు. నిన్న బురుల్ ఇక ఆగలేకపోయింది. వెళ్లి తలుపు బాదింది. పిండి చేతులతో వచ్చిన ఊల్కాన్ ఎజేని మెట్ల మీద నిలబెట్టి, పని లేనివాళ్లు ఫోను పట్టుకుని కూర్చుంటే పనున్నవాళ్లు చావాలా అని అడిగింది. మీ వయసుకి ఇదేం బుద్ధి అని కూడా అంది. అంత కోపంలోనూ "మీరు" అనే అంది. మిగిలిన మర్యాద అదొక్కటే. ఎజే ఏదో చెప్పబోయింది. బురుల్ చెప్పనివ్వలేదు. చివరికి ఆమె తలుపు మెల్లగా వేసుకుంది.

ఇవాళ మధ్యాహ్నం ఎసెన్‌బెక్ కటింగ్ ప్లేయర్ పట్టుకుని బయటికి వెళ్లి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ఇక లైను నీ ఒక్కదానిదే, ముసలామె తీగ కోసేశాను, పని అయ్యాక కలుపుతాను అన్నాడు. వద్దనాలి. మనిషన్నవాళ్లు వద్దనాలి. బురుల్ గడియారం వైపు చూసింది, నోరు మూసుకుని మళ్లీ నంబరు కలిపింది.

కలిసింది, తెగింది. మళ్లీ కలిసింది, మళ్లీ తెగింది.

ఇప్పుడు లైను మీద వాళ్లు తప్ప ఎవరూ లేరు. మరి ఎవరు తెంపుతున్నట్టు?

బురుల్ ఈసారి లైను కలిశాక దేన్నీ ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లైను నిలిచింది. వంటింట్లో నీళ్లు మరిగాయి, ఎసెన్‌బెక్ టీ కలుపుకున్నాడు, తాగాడు. లైను అలాగే ఉంది. అప్పుడు చూపుడువేలితో మౌస్‌ని కొంచెం కదిపింది. బాణం బిగుసుకుంది, లైను పోయింది. మళ్లీ కలిపింది, ఆగింది, కదిపింది. మళ్లీ అంతే.

ఆమె ఎసెన్‌బెక్‌ని పిలిచి కళ్లెదుట చేసి చూపించింది. ఆయన కాకతాళీయం అన్నాడు. ఇంకోసారి చూపిస్తే ఎక్స్ఛేంజిలో పాత సరుకు, దాని తప్పు అన్నాడు. మూడోసారికి నీ చెయ్యి అదురుతోంది అన్నాడు. ఫోనుకీ మౌస్‌కీ ఏమిటి సంబంధం, పొదుగుల సంగతి నువ్వు చూసుకో, మెషీన్ల సంగతి నాకొదిలెయ్ అని నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి బురుల్‌కి ఒళ్లు మండిపోయింది. ఎక్కడ తగులుతుందో చూసి మరీ అంది.

"నీకు తెలియకపోతే తెలియదని చెప్పు. మూతపడ్డ ఫ్యాక్టరీలో ఏం నేర్చుకున్నావో నేనేమన్నా అడిగానా?"

సరిగ్గా తగిలింది. ఎసెన్‌బెక్ మొహం కందగడ్డ అయింది.

"నాకు తెలియకపోవడమా? మోడెమ్ పెట్టిన రోజే తెలుసు నాకు." వేలెత్తి పాఠం చెప్పినట్టు చెప్పాడు. "మౌస్‌కైనా, మోడెమ్‌కైనా కంప్యూటర్ని పిలవాలంటే మోగించడానికి ఒక గంట ఉండాలి. ఇలాంటి వాటికి ఇందులో ఉన్నవి రెండే గంటలు. వెనక చిన్న సాకెట్టుకి ఒకటి, పెద్దదానికి ఒకటి. మౌస్ పెద్దదాంట్లో ఉంది, మోడెమ్‌కి కూడా అదే గంట ఇచ్చాను. ఇద్దరూ ఒకేసారి మోగిస్తే రెండూ పడిపోతాయి. ఇదో పెద్ద విద్యా?"

చెప్పేశాక తను ఏం చెప్పాడో ఆయనకి అర్థమైంది. ఎత్తిన వేలు దించడం మరిచిపోయాడు.

"మౌస్‌ని చిన్నదాంట్లో పెట్టొచ్చుగా?" అని బురుల్ అడిగింది. గొంతు ఎంత తగ్గిందంటే ఆయన బెదిరాడు.

"దాంట్లో రేడియో ఉంది."

"తెలిసే ఎజే తీగ కోశావా?"

ఎసెన్‌బెక్ వేలు దించుకున్నాడు. గొణుగుడు మొదలైంది. శనివారం ఓమ్స్క్ వాళ్లతో పోటీ ఉందట. ఒకసారి పీకితే ఆ డబ్బాని మళ్లీ దారికి తేవడం ఎంత కష్టమో ఆమెకేం తెలుసట. నువ్వు కాస్త నిదానంగా కదిపితే ఎప్పుడో ఒకసారి వెళ్లిపోతుందిలే అనుకున్నాడట. అనుకున్నాడట, మహానుభావుడు. పెళ్లాం కాలి వేళ్లు నల్లబడినా పరవాలేదు, పక్కింటావిడ ఫోను మూగబోయినా పరవాలేదు, ఆయన రేడియో డబ్బా మాత్రం కదలకూడదు.

బురుల్ మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి దూరింది. చిన్న సాకెట్లో బిగించిన రేడియో తీగ దొరికింది. మౌస్ తీగ కూడా దొరికింది. దాని మూతికి ఇంకో మూతి తగిలించి మరీ పెద్ద సాకెట్లోకి తోశాడు, అంటే దాన్ని అక్కడికి చేతులారా మార్చింది ఆయనే. ఎసెన్‌బెక్ వంగి రేడియో తీగ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యి," అంది బురుల్, వెనక బెంచీ వాడికి చెప్పినట్టు. ఆయన తీశాడు.

కంప్యూటర్ ఆర్పి, రేడియో తీగ పీకి అవతల పారేసి, మౌస్‌ని చిన్న సాకెట్లో పెట్టి మళ్లీ వెలిగించింది. ఆ ముసలి పెట్టె లేవడానికి దాని టైము అది తీసుకుంది. దాన్ని తిట్టని తిట్టు లేకుండా తిట్టింది, అదంతా జర్మన్‌లో తిట్టింది. బాణం వచ్చింది. నంబరు కలిపితే అవతల రద్దీ. మళ్లీ కలిపితే రద్దీ. ఆరుకి ఇంకా కొంచెమే ఉంది. ఇంకోసారి కలిపితే కీచుమని అరిచి లైను కలిసింది.

మౌస్ కదపడానికి చెయ్యి రాలేదామెకి. తర్వాత పళ్లు బిగించి కదిపింది. ఊరికే కదపలేదు, బల్ల మీద సున్నాలు చుట్టింది, ఈ మూల నుంచి ఆ మూలకి ఈడ్చింది. లైను తెగలేదు. ఉత్తరానికి అనువాదం తగిలించి బొత్తాం నొక్కింది. నీలం పట్టీ నత్తలా పాకింది, మధ్యలో ఆగి ప్రాణం తీసింది, మళ్లీ పాకింది, చివరి దాకా వెళ్లింది. ఉత్తరం వెళ్లినట్టు తెర మీద పడింది. ఇంకా ఆరు కాలేదు.

బురుల్ కుర్చీలో వెనక్కి వాలింది. సంతోషం వస్తుందేమోనని చూసింది. వచ్చేదే, ఎసెన్‌బెక్ నోరు తెరవకుండా ఉంటే.

"వెళ్లిందిగా, ఇక గొడవెందుకు," అన్నాడాయన. "టీ పెట్టు."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో బురుల్‌కి అప్పుడు తెలిసింది. లేచింది. వంటింటి వైపు కాదు, వీధి తలుపు వైపు నడిచి పక్కింటి తలుపు తట్టింది.

ఊల్కాన్ ఎజే తలుపు కొంచెమే తీసింది. నిన్నటి మాటల తర్వాత ఎవరైనా అంతే తీస్తారు. మీ తీగ మా ఆయన కోశాడు, మధ్యాహ్నం నుంచీ మీ ఫోను పనిచెయ్యదు అని బురుల్ ఒక్క గుక్కలో చెప్పింది. ఎజే గోడకున్న డబ్బా వైపు, వేలాడుతున్న తీగ వైపు చూసింది.

"నాకెలా తెలుస్తుంది? ఆరు దాకా నేను దాన్ని ముట్టుకోనుగా."

బురుల్‌కి అర్థం కాలేదు. ఎప్పటి నుంచని అడిగింది.

"నీ మోడెమ్ వచ్చినప్పటి నుంచి. పగలు నీకు లైను కావాలి కదా అని. తలాస్‌లో మా చెల్లెలికి కూడా చెప్పాను, ఆరు దాటాకే చెయ్యవే అని. బజార్లో ఆ మంచులో నిన్ను చూశానమ్మాయ్. నేను చూసినట్టు నీకు తెలియకూడదని పక్క సందులోంచి వెళ్లిపోయాను."

"నిన్ననే చెప్పొచ్చుగా, ఎజే," అంది బురుల్.

"చెప్పనిచ్చావా?"

బురుల్ వెనక్కి తిరిగి ఎసెన్‌బెక్‌ని పిలిచింది. ఒక్క పిలుపుకే వచ్చాడు, చెప్పుల్లేకుండా మేజోళ్లతోనే వచ్చాడు. నాకు చెప్పింది ఎజేకి చెప్పు అంది. ఆయన గొంతు సవరించుకుని, కంప్యూటర్‌కి రెండు గంటలుంటాయని, ఒకే గంటని ఇద్దరికి ఇస్తే చిక్కొస్తుందని ఎత్తుకున్నాడు.

"అది కాదు," అంది బురుల్.

ఎసెన్‌బెక్ గోడ వైపు తిరిగి ఏదో అన్నాడు.

"వినపడలేదు," అంది బురుల్. పై అంతస్తులో ఎవరిదో తలుపు తెరుచుకుంది. ఆయన పైకి చూశాడు, భార్యని చూశాడు. ఆమె కదల్లేదు.

"లైను తప్పు కాదని నాకు తెలుసు ఎజే," అన్నాడు ఎసెన్‌బెక్, ఈసారి మెట్లన్నిటికీ వినపడేలా. "నా రేడియో తియ్యాల్సొస్తుందని మీ మీద పెట్టాను. తెలిసే కోశాను."

"నేను తెలుసుకోకుండా అరిచాను," అంది బురుల్. "నాదీ తప్పే."

ఊల్కాన్ ఎజే ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పరవాలేదులే అని ఆమె అనలేదు. బురుల్ కూడా అనాలని ఎదురుచూడలేదు.

"ముందు తీగ కలుపు," అంది ఎజే ఎసెన్‌బెక్‌తో. "ఆరయింది. మా చెల్లెలు ఫోను చేసే వేళ."

ఆయన చల్లని రాతి మెట్టు మీద మోకాళ్లూని, పళ్లతో తీగ తొక్క ఒలవడం మొదలెట్టాడు. ఆడవాళ్లిద్దరూ లోపలికి పోకుండా అక్కడే నిలబడి చూశారు.