అద్దంలో మచ్చ

వీధికి అన్న పెద్ద కత్తెర, తమ్ముడు చిన్న కత్తెర. ఇంట్లో పెట్టిన పేర్లు ఇంట్లోనే అరిగిపోయాయి. తండ్రి వాళ్ళకు మిగిల్చి వెళ్ళింది ఒక పొడవాటి గది, గది పొడవునా గోడకు ఒకే అద్దం, అద్దం ముందు రెండు కుర్చీలు, చేతిలో పని. ఆ పని ఇద్దరికీ ఒకే తీరున అబ్బింది. కళ్ళు మూసుకుని వింటే ఏ కత్తెర చప్పుడు ఎవరిదో చెప్పడం కష్టం.

అయినా ఒకనాడు ఆ గది నడుమ ప్లైవుడ్ గోడ లేచింది.

తమ్ముడు కోరుకున్నది పెద్దదేమీ కాదు. తన గుమ్మం, తన బోర్డు, తన వేళలు. అన్న పక్కన నిలబడి పనిచేసినంతకాలం తలలు ఎంత చక్కగా దిద్దినా ఆ మెప్పు పక్క కుర్చీకే పోతుందని అతని బాధ. "నా కాళ్ళ మీద నేను నిలబడతా. మంచైనా చెడైనా ఒకరి సాయం అడగను," అన్నాడు. అన్న బదులు పలకలేదు. పలకకపోవడమే తమ్ముణ్ణి ఎక్కువ గుచ్చింది. గోడతోపాటు అద్దాన్నీ కోయవలసి వచ్చింది. గాజు కోసేవాడు నిలువునా ఒక గీత గీసి, వెనకనుంచి మెల్లగా తట్టాడు. అద్దం చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు చేసి రెండయింది.

తండ్రి వాడిన చేతి అద్దం తమ్ముడి వాటాకు వచ్చింది. క్షవరం ముగిశాక మనిషి మెడ వెనక పట్టి, వెనక భాగం ఎలా కుదిరిందో చూపించే అద్దం అది. వెనక పూత అక్కడక్కడ రాలిపోయి ముఖమంతా నల్లని మచ్చలు తేలాయి. ఏడాదికో కొత్త మచ్చ పుట్టేది. వచ్చినవాళ్ళు భయపడుతున్నారని, కొత్తది కొనమని భార్య పోరేది. పిడి మీద నాన్న వేళ్ళ అరుగుదల ఉందని అతను వదల్లేదు.

ఆనాటి నుంచి అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. ఒక్కటి మాత్రం ఆగలేదు.

క్షవరం చేసేవాడికి ఒక చిక్కు ఉంది. వీధిలోని తలలన్నీ అతని చేతికి అందుతాయి, తన తల ఒక్కటే అందదు. మరో దుకాణానికి వెళ్ళి కూర్చుంటే వృత్తికి తలవంపులు. అందుకే వారపు సెలవునాడు, సగం దించిన తలుపు కిందనుంచి వంగి, తమ్ముడు అన్న గదిలోకి వచ్చేవాడు. మాట లేదు, పలకరింపు లేదు. కుర్చీలో కూర్చునేవాడు. అన్న దుప్పటి కప్పేవాడు. పని అయ్యాక ఇద్దరూ చోట్లు మారేవారు. ఎవరూ ఎవరికీ చేతి అద్దం చూపించేవారు కాదు. చూపించమని అడగడమంటే నమ్మలేదని చెప్పడమే కదా. ఒకరి తల ఒకరికి కంఠస్థం: సుడి ఎటు తిరుగుతుందో, చిన్నప్పుడు రాయి తగిలిన చార ఎక్కడుందో, తమ్ముడి ఎడమ చెవి వెనక నువ్వుగింజంత పుట్టుమచ్చ ఎంత లోపలికి దాగిందో.

ఆ ఒక్కటీ తెగింది ఒక నవ్వు వల్ల.

బస్సు కండక్టరు ఒకడు అన్న కుర్చీలో నురగ పూసుకుని కూర్చుని, నోరు ఊరుకోక అన్నాడు: "పేరుకి వేరు కుంపటి. తల నున్నగా కావాలంటే మళ్ళీ అన్నే దిక్కు. అంతేనా పెద్ద కత్తెరా?"

అన్న నవ్వాడు. "ఏం చేస్తాం, వాడు పుట్టినప్పటి నుంచీ నా నెత్తినే గదా," అన్నాడు.

ప్లైవుడ్‌కు కళ్ళు లేవుగాని చెవులున్నాయి. అవతల కత్తెర చప్పుడు ఆగింది. చాలాసేపటికి మళ్ళీ మొదలైంది. ఆ వారం సెలవునాడు అన్న తలుపు సగం దించి, దుప్పటి దులిపి, కుర్చీ తుడిచి కూర్చున్నాడు. గోడ అవతలినుంచి క్లిప్పర్ మిషను గుర్రుమన్నది. తమ్ముడు తన జుట్టు తనే కత్తిరించుకుంటున్నాడు.

గోడ అద్దానికి వీపు పెట్టి నిలబడి, ఎడమ చేత తండ్రి అద్దం ముఖానికెదురుగా ఎత్తి, కుడి చేత మిషను పట్టేవాడు. రెండద్దాల మధ్య చెయ్యి దారి తప్పేది. మొదట్లో జుట్టు ఎగుడుదిగుడుగా, మెట్లు మెట్లుగా వచ్చింది. పోనుపోను కుదిరింది. "చూశావా, ఎవడూ అక్కర్లేదు," అని భార్యతో అనేవాడట. అన్న కూడా తక్కువ తినలేదు. ఆ రోజు నుంచి కత్తితో గుండు గీసుకోవడం మొదలుపెట్టాడు. తడుముకుంటూ గీసుకోవచ్చు, దానికి అద్దం అక్కర్లేదు, తమ్ముడూ అక్కర్లేదు.

అలా రుతువులు తిరిగాయి. తమ్ముడి చేతి అద్దంలో ఎడమ చెవి దగ్గర ఇంకో మచ్చ తేలింది. పూత రాలుతోంది అనుకున్నాడు. ఆ అద్దంలో మచ్చలు అతనికి కొత్త కాదు, వాటిని దాటి చూడడం అతనికి అలవాటు. ఒకటి రెండుసార్లు దువ్వెనకు నెత్తురంటింది. మిషను గీరుకుందనుకుని పటిక రాసుకున్నాడు.

తరువాత అతని కుడి భుజం పట్టేసింది. చెయ్యి తలదాకా లేవడం మానేసింది. జుట్టు చెవులమీద పడింది. తలలు దిద్దేవాడి తలే అలా ఉంటే ఎవరు కూర్చుంటారని భార్య వాపోయింది. పంతం పట్టినవాడు పాతిక సాకులు చెప్పాడు గాని, చివరికి ఒక సెలవునాటి మధ్యాహ్నం సగం దించిన తలుపు కింద అతని చెప్పులు కనబడ్డాయి.

అన్న లేచాడు. కుర్చీ తిప్పాడు. తమ్ముడు కూర్చున్నాడు. అన్న దుప్పటి కప్పి, మెడ దగ్గర ముడి రెండుసార్లు సరిచేశాడు. ముందు తల తడిపాడు. కుడి పక్క దువ్వాడు. ఎడమ పక్క జుట్టు దువ్వెనతో పైకెత్తి, అలాగే నిలబడిపోయాడు.

నువ్వుగింజ అక్కడ లేదు. దాని చోట చింతగింజంత నలుపు, అంచులు చెదిరి, ఒక పక్క తడితడిగా.

"ఇదేంట్రా?" అన్నాడు. ఇన్నేళ్ళ తరువాత వాళ్ళ మధ్య మొదటి మాట అది.

"ఏది?"

"చెవి వెనకాల."

"అక్కడేం లేదు. నాన్న అద్దంలో మచ్చ అది. ఎప్పట్నుంచో ఉంది."

అన్న తన చేతి అద్దం తీశాడు. కొత్తది, ఎక్కడా చుక్క లేనిది. ఇన్నేళ్ళలో మొదటిసారి తమ్ముడి మెడ వెనక అద్దం పట్టాడు. తమ్ముడు ఎదుటి గోడ అద్దంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీ అద్దం కూడా పాడైపోయిందేంటి, అన్నయ్యా?" అన్నాడు.

అన్న భుజం మీది గుడ్డ తీసి అద్దం తుడిచాడు. మళ్ళీ పట్టాడు. మళ్ళీ తుడిచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేస్తూ నెమ్మదిగానే చెప్పింది. కిందటేడు వచ్చి ఉంటే ఒక పూటలో తీసి పంపేవాళ్ళమని, ఇప్పుడది మెడలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగిందని. తరువాత, తప్పు పట్టడానికి కాదు, నిజంగానే అర్థంకాక, ఇంతకాలం ఎవరి కంటా పడలేదా అని అడిగింది. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోలేదు. నేలను చూశారు. నేల మీద ఇద్దరి చెప్పులూ ఒక్కలాగే అరిగి ఉన్నాయి, ఎడమ మడమ దగ్గర, రోజంతా కుర్చీ చుట్టూ తిరిగే కాళ్ళ అరుగుదల.

ఆ తరువాత చిన్న కత్తెర బతుకు ఎందరి చేతుల మీదనో నడిచింది. భార్యకు ఆసుపత్రి కాపలా ఉన్న రోజుల్లో వదిన వండి పంపింది. మందులషాపతను తానే ఇంటికొచ్చి సూది వేశాడు. అన్న ప్లైవుడ్ గోడ మేకులు ఊడదీసి, దాన్ని తొలగించి, రెండు కుర్చీల మధ్యా తిరిగి ఇద్దరి పనీ చేశాడు. మేడ మీది ఇంటి మెట్లు దిగలేని రోజున కండక్టరూ, గాజు కోసేవాడూ, మందులషాపతనూ, అన్నా కలిసి అతన్ని కుర్చీతో సహా ఎత్తి దించారు. సగం మెట్ల మీద చిన్న కత్తెర వాళ్ళను ఒక్కొక్కరినే చూసి నవ్వాడు.

"ఎవడి సాయం అక్కర్లేదన్నవాడికి దిగడానికే నలుగురు కావాల్సొచ్చింది. మనుషుల్ని మార్చకండి. ఇంకోసారికి మీరే సరిపోతారు."

కండక్టరు కుర్చీ కాలు ఇంకాస్త గట్టిగా పట్టుకుని, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజు తన నోటినుంచి జారిన మాట అతనికి గుర్తుందో లేదో ఎవరూ అడగలేదు.

మందుల ధాటికి తమ్ముడి జుట్టు దిండు మీద రాలింది. కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు. అన్న గుండు గీసుకోవడం ఎప్పుడో మరచిపోయాడు. నెరిసిన జుట్టు కాలరు మీదికి దిగింది.

ఒక మధ్యాహ్నం కిటికీ ఎండ మంచం మీద పడుతుండగా తమ్ముడు అన్నాడు: "నీ తలేంటి, పిచ్చుక గూడులా? నా కత్తెర పట్రమ్మను."

వద్దురా, అలసిపోతావని అన్న చెప్పబోయి ఊరుకున్నాడు. మరదలు కత్తెర తెచ్చింది, పాత చీర ముక్క అన్న భుజాల మీద కప్పింది. అన్న మంచం పక్కన నేల మీద, తమ్ముడి మోకాళ్ళకు వీపు ఆనించి కూర్చున్నాడు. కత్తెర కదిలింది, ఆగింది, కదిలింది. ఒకప్పటి లయ అందులో లేదు. రెండు గాట్లకు ఒక ఊపిరి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎండ కొంచెం జరిగేది. మెడ వెనక ఒకచోట కత్తెర జారి లోతుగా పోయింది. ఇద్దరికీ తెలిసింది. కత్తెర మళ్ళీ కదిలింది.

అంతా అయిందనుకున్నాక తమ్ముడు అన్న కుడి చెవి రెండు వేళ్ళతో ముందుకు వంచాడు. వెనకంతా చూశాడు. తరువాత ఎడమ చెవి. తరువాత మెడ, జుట్టు మొదళ్ళదాకా, దువ్వెన మొనతో పాయ పాయ విడదీసి.

"ఏం లేదు," అన్నాడు. "శుభ్రంగా ఉంది."

అన్న తల ఎత్తలేదు. మోకాళ్ళ మధ్య ముఖం పెట్టుకుని, చీర ముక్క మీద పడ్డ తన తెల్ల వెంట్రుకలు ఏరుతూ ఉండిపోయాడు.

"అద్దం చూపించనా?" అని తమ్ముడు అడిగాడు.

"అక్కర్లేదురా."

తమ్ముడు వెళ్ళిపోయాక, వీధంతా అన్న మెడవైపు చూసేది. వెనక నడిమిన ఒక మెట్టు, వంకరగా. పెద్ద కత్తెర తల ఇలా తయారైందేమిటని కొత్తవాళ్ళు నవ్వేవారు, తెలిసినవాళ్ళు వాళ్ళ మోచెయ్యి నొక్కేవారు. పని మధ్యలో ఖాళీ దొరికితే అతని చెయ్యి వెనక్కి పోయేది. వేలికి ఆ మెట్టు తగిలేది. తమ్ముడి కత్తెర ఇక్కడ ఆగింది, ఇక్కడ జారింది.

కాని జుట్టుకు దుఃఖం తెలియదు. అది పెరిగింది. మెట్టు అంచు మెత్తబడింది, మెత్తబడి కిందికి దిగింది, దిగి చుట్టూ ఉన్నదానిలో కలవబోయింది. కలవకముందే అతను ఒకరోజు దుకాణం మూసి, వీధి చివర ఉన్న మరో దుకాణానికి నడిచి వెళ్ళి, తెలియని మనిషి కుర్చీలో కూర్చున్నాడు. ఆ మనిషి దుప్పటి కప్పి, మెడ వెనక చూసి ఆగాడు.

"ఎవరు చేశారండీ ఇది?"

"మా తమ్ముడు."

"పనికి కొత్తా?"

"కాదు. మంచి పనివాడు."

ఆ మనిషి ఇంకేమీ తవ్వలేదు. దువ్వెన తీసుకుని అడిగాడు: "సమం చెయ్యనా?"

పెద్ద కత్తెర దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి, మెడ వెనక చివరిసారి తడుముకున్నాడు.

"చెయ్యి నాయనా," అన్నాడు. "చెవుల వెనక ఏమైనా ఉందేమో, అదీ కాస్త చూసి చెప్పు. నాకు కనబడదు."

తల వంచాడు.